ప్రార్థన లెక్క ఆపేశాను. ఇది విశ్రాంతా, బద్ధకమా?

నైట్‌డ్యూటీ_గుంటూరు

అందరికీ వందనాలు. ఎవరినీ నొప్పించాలని రాయడం లేదు. నాకు నిజంగానే జవాబు కావాలి.

నేను నర్సును. అమ్మకు వారానికి మూడుసార్లు డయాలసిస్. జనవరిలో మా సంఘంలో 21 రోజుల ఉపవాస ప్రార్థన పెట్టారు. తెల్లవారుజామున నాలుగింటికి గంటసేపు ప్రార్థన, పగలంతా ఉపవాసం. నాకు రాత్రి వార్డు. పాలవాడు రాని రోజు అమ్మ క్యాలెండర్‌లో అడ్డగీత పెడుతుంది. అదే గడిలో నేను ప్రార్థన చేసిన రోజు ‘ప్రా’ అని రాయడం మొదలుపెట్టాను, కుదరని రోజు సున్నా. నెలాఖరుకి పాల లెక్క చూద్దామని క్యాలెండర్ దగ్గరికి వెళ్తే ముందు నా సున్నాలే కనిపించేవి.

పదకొండో రోజు డ్యూటీలో సెలైన్ మారుస్తుంటే కళ్లు తిరిగి కూలబడ్డాను. పక్క మంచం పేషెంటు వాళ్లమ్మ చక్కెర కలిపిన నీళ్లు తాగించింది. అక్కడితో ఉపవాసం పోయింది. ఆదివారం ప్రార్థన నడిపించే ఆంటీతో చెబితే “నువ్వు పట్టు విడిచావు కాబట్టే మీ అమ్మ విషయం కదలడం లేదు” అన్నారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. అమ్మకు రక్తం దొరకనప్పుడు రెండుసార్లు వాళ్లబ్బాయినే పంపారు. అందుకే ఆ మాట ఇంకా గట్టిగా తగిలింది.

ఇంటికొచ్చి కూర్చుంటే, టీవీ పైన పటం. “ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి, నేను మీకు విశ్రాంతి కలుగజేతును.” పదేళ్లుగా దాని కిందే సీరియళ్లు చూశాం. చదివింది మాత్రం ఆ రోజే అనిపించింది. లెక్క రాయడం ఆపేశాను. హాయిగా ఉంది. హాయిగా ఉందనే భయంగా కూడా ఉంది. ఇది విశ్వాసమా, బద్ధకానికి వాక్యం అడ్డం పెట్టుకోవడమా?

ఒంగోలు_బాప్టిస్టు

సిస్టర్, ముందు మీ ఆరోగ్యం చూసుకోండి, అందులో రెండో మాట లేదు. రాత్రి డ్యూటీ చేసే మనిషి 21 రోజులు పస్తుండాలని బైబిల్లో ఎక్కడా లేదు. కానీ అసలు ప్రశ్నకు నా జవాబు మీకు నచ్చకపోవచ్చు.

ఈ మధ్య ఫోన్ తెరిస్తే చాలు, “అంతా ఆయనే చేసేశాడు, నువ్వు ఊరికే ఉండు” అనే బోధ. వినడానికి తియ్యగా ఉంటుంది. మా సంఘంలో శుక్రవారం కూడికకు అరవై మంది వచ్చేవాళ్లు, ఇప్పుడు పదిహేను మంది. అడిగితే “కృపలో ఉన్నాం బ్రదర్” అంటారు. కృపలో ఉన్నవాడు క్రికెట్ మ్యాచ్ ఉంటే మాత్రం అర్ధరాత్రి దాకా మేలుకుంటాడు.

విశ్రాంతి గురించి మాట్లాడే హెబ్రీ పత్రికలోనే “ఆ విశ్రాంతిలో ప్రవేశించుటకు జాగ్రత్త పడుదము” అని ఉంది (4:11). పౌలు ఫిలిప్పీయులకు “భయముతోను వణకుతోను మీ సొంతరక్షణను కొనసాగించుకొనుడి” అని రాశాడు. యాకోబు సంగతి చెప్పనే అక్కర్లేదు, క్రియలు లేని విశ్వాసం శవమే అన్నాడు.

మాది ఒంగోలు పక్క పల్లె. 1876–78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో ఒక భాగం కాంట్రాక్టుకు తీసుకుని జనానికి పని చూపించాడు. మా ముత్తాత తండ్రి ఆ కాలువ మట్టి మోశాడని ఇంట్లో చెబుతారు. కష్టపడి వచ్చిన విశ్వాసం మాది. కూర్చుంటే వచ్చింది కాదు.

హ్యూస్టన్_తెలుగు

ఆమెన్ సిస్టర్. అమ్మగారి కోసం ప్రే చేస్తున్నాం.

ద్రాక్షతీగె

ఒంగోలు అన్నా, క్రికెట్ మాట ఒప్పుకుంటా. నేనూ ఆ మ్యాచ్ చూశాను.

కానీ సిస్టర్ అడిగింది బద్ధకస్తుడి ప్రశ్న కాదు. పని చేసి చేసి విరిగిపోయిన మనిషి ప్రశ్న. ఇదే ప్రశ్నతో హడ్సన్ టేలర్ నలిగిపోయాడు. చైనాకు వెళ్లిన మిషనరీ, 1865లో చైనా ఇన్‌లాండ్ మిషన్ పెట్టినాయన. 1869లో ఆయన పరిస్థితి ఏమిటంటే, ప్రార్థిస్తాడు, ఉపవాసముంటాడు, తీర్మానాలు చేసుకుంటాడు, మళ్లీ ఓడిపోతాడు. విశ్వాసం పెంచుకోవాలి, ఎలా పెంచుకోవాలి అన్నదే బాధ. అప్పుడు మెక్‌కార్తీ అనే తోటి మిషనరీ ఉత్తరం రాశాడు. విశ్వాసం కోసం పెనుగులాడకు, నమ్మదగిన ఆయన వైపు చూడు అన్నది అందులో సారం. ఆ ఉత్తరం చదివాక టేలర్‌కు యోహాను సువార్త 15లో యేసు చెప్పిన ద్రాక్షావల్లి, తీగెల మాట కొత్తగా కనిపించింది. తీగె రసం కోసం కష్టపడదు, వల్లిలో ఉంటుంది, అంతే.

“హాయిగా ఉందనే భయంగా ఉంది” అన్నారు కదా, దానికి ఒక మాట. ఆ మరుసటి ఏడాది జూలైలో టేలర్ భార్య మరియ చనిపోయింది, అప్పుడే పుట్టిన బిడ్డ కూడా. విశ్రాంతి అంటే కష్టాలు పోవడం అయితే ఆయనకు దొరికింది విశ్రాంతి కాదు. ఆయన మాత్రం దొరికిందనే చెప్పాడు.

నా సలహా అడిగితే, కొన్నాళ్లు అన్నీ ఆపేయండి. కూడికలు, ఉపవాసం, ఉదయం ప్రార్థన, అన్నీ. ఆయన మీలో మళ్లీ పుట్టించినప్పుడు చేయండి.

ఎదురింటి_అయ్యంగార్

నేను మీ మతం కాదు, తప్పుగా అనుకోకండి. మా ఎదురింటివాళ్లు క్రైస్తవులు, వాళ్ల పిల్లవాడు ఈ చర్చ చూపించాడు. చదువుతుంటే నవ్వొచ్చింది, ఇదే తగువు మా ఇళ్లలో కొన్ని వందల ఏళ్లుగా నడుస్తోంది.

శ్రీవైష్ణవుల్లో వడగలై, తెంగలై అని రెండు శాఖలు. వడగలై వారిది మర్కట కిశోర న్యాయం అంటారు. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకోవాలి. తెంగలై వారిది మార్జాల కిశోర న్యాయం. పిల్లి తన పిల్లను నోట కరుచుకుని పోతుంది, పిల్ల చేసేది ఏమీ లేదు. మా తాతగారు, మామయ్య ఈ విషయం మీద మాట్లాడుకోవడం మానేశారు, పెళ్లిళ్లలో కూడా. ఆ అమ్మాయిని కోతిపిల్లవి కాలేదేమని తిడుతున్నారు, పాపం.

మెదక్_రిటైర్డ్_టీచర్

అయ్యంగార్ గారూ, బాగా చెప్పారు. పిల్లిపిల్ల అయినా పాలు తనే తాగాలి కదండీ అని మీ మామయ్యగారిని అడగండి.

ద్రాక్షతీగె గారి సలహాలో చివరి పేరా చదివి ఉలిక్కిపడ్డాను. మాది మెదక్. మా దగ్గర సువార్త చెప్పింది వెస్లీ పరంపర మెథడిస్టులు. అందుకని వెస్లీ కథలో జనం సాధారణంగా చెప్పని భాగం ఒకటి చెబుతాను.

మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నప్పుడు వారానికి రెండు రోజులు ఉపవాసం, జైళ్లలో ఖైదీల దగ్గరికి వెళ్లడం, అన్నీ చేసేవాడు. ఇవన్నీ డైరీలో గంట గంటకూ రాసుకునేవాడు, ఆ గంటలో భక్తి ఎంత ఉందో అంకెల్లో మార్కులు కూడా వేసుకునేవాడు. అమ్మా నర్సమ్మా, నీ క్యాలెండర్ గడులు చూడు, వెస్లీ డైరీ చూడు. తేడా ఏమైనా ఉందా? ఇంత చేసినా ఆయనకు నెమ్మది లేదు. 1738 మే 24 రాత్రి లండన్ ఆల్డర్స్‌గేట్ వీధిలో ఒక కూడికలో, రోమా పత్రికకు లూథర్ రాసిన ముందుమాట ఎవరో చదువుతుంటే, క్రీస్తు ఒక్కడినే నమ్ముకున్నానని ఆయనకు తెలిసింది. ఈ భాగం అందరికీ తెలుసు.

తర్వాత జరిగింది వినండి. మరుసటి ఏడాది లండన్‌లో ఫెటర్ లేన్ సంఘానికి మోల్టర్ అనే బోధకుడు వచ్చాడు, మొరేవియన్లనే ప్రొటెస్టంట్ శాఖవాడు. పూర్ణ విశ్వాసం వచ్చేదాకా గుడికి పోవద్దు, ప్రభు సంస్కారం తీసుకోవద్దు, వాక్యం చదవొద్దు, నిశ్చలంగా ఉండు అని బోధించాడు. సరిగ్గా ‘కొన్నాళ్లు అన్నీ ఆపేయండి’ అన్న మాటే. క్రియలను నమ్ముకుని అలసిపోయి కృప కనుక్కున్న వెస్లీ ఈ బోధ ఒప్పుకుంటాడని ఎవరైనా అనుకుంటారు. ఒప్పుకోలేదు. నెలల తరబడి వాదించి 1740 జూలై 20న కొద్దిమందితో ఆ సంఘం వదిలి బయటికొచ్చాడు. దేవుడు అన్నం పెట్టే పళ్లెం అది, ఆకలేసినవాణ్ని పళ్లెం ముట్టుకోవద్దంటే ఎట్లా? ఈ పోలిక నాది, ఆయనది కాదు.

ఇంకో సంగతి. నీ టీవీ పైన పటంలోని మాట మత్తయి 11:28. అందులో “ప్రయాసపడి” అన్నచోట గ్రీకులో ఏ క్రియ ఉందో, 1 కొరింథీ 15:10లో పౌలు “వారందరికంటె నేనెక్కువగా ప్రయాసపడితిని” అన్నచోటా అదే ఉంది. తెలుగు అనువాదకులు రెండుచోట్లా ప్రయాస అనే పెట్టారు, వాళ్లకు దండం. ఒక ప్రయాస నుంచి రమ్మని యేసు పిలిచాడు, మరో ప్రయాస గురించి పౌలు సంతోషంగా చెబుతున్నాడు. వెంటనే “ప్రయాసపడినది నేను కాను, నాకు తోడైయున్న దేవుని కృపయే” అంటాడు. ఇద్దరి ఒంట్లోనూ అలసట ఒకటే. ఒకడు చెల్లించడానికి మోస్తున్నాడు, ఇంకొకడు ఇంటిమనిషిగా మోస్తున్నాడు.

ద్రాక్షతీగె

మాస్టారూ, ‘అన్నీ ఆపేయండి’ అన్నది తొందరపాటే. వెనక్కి తీసుకుంటున్నా. ఫెటర్ లేన్ సంగతి నాకు తెలియదు.

ఒంగోలు_బాప్టిస్టు

మాస్టారు చెప్పింది బాగుంది. కానీ ఆచరణలో? ఒక మనిషి ప్రయాస చెల్లింపా, ప్రేమా అని ఎలా తెలుస్తుంది? బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. లోపల ఏముందో తెలుసుకుంటూ కూర్చుంటే అదో కొత్త డైరీ అవుతుంది. నాలాంటి మొద్దు మనుషులకు శుక్రవారం ఏడింటికి రండి అని చెప్పడమే మేలు. వచ్చినవాడిని దేవుడు చూసుకుంటాడు.

అకౌంట్స్_మనిషి_తెనాలి

లూథరన్‌ని, ట్యాక్స్ ఆఫీసు గుమాస్తాని. రోజూ చేసేది పద్దులు కాబట్టి మాట్లాడుతున్నా.

ఒంగోలు బ్రదర్ తన కథ సగంలో ఆపేశారు. మిగతా సగం మీ ఊరివాళ్లకే బాగా తెలియాలి. కాలువ పని జరుగుతున్నన్నాళ్లూ, ఏడాది దాటి, క్లౌ దొర ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. జనం అడిగారు, ఆయనే వద్దన్నాడు. కూలి కోసం, గింజల కోసం వచ్చారనే మాట రాకూడదని. సాయం పని ముగిశాక, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది. కూలి ఇచ్చిన చోట బాప్తిస్మం లేదు, బాప్తిస్మం ఇచ్చిన చోట కూలి లేదు. మీ ముత్తాతగారి నాన్నగారు మట్టి మోసింది కాలువ కోసం. నీళ్లలోకి వట్టి చేతులతోనే దిగి ఉంటారు.

రోమా 4:4 చదవండి. “పని చేయువానికి జీతము ఋణమేగాని దానమని యెంచబడదు.” ఆ ‘ఎంచుట’ అన్న గ్రీకు మాట వ్యాపారులు పద్దు వేసేటప్పుడు వాడేదే. ప్రార్థన నడిపించిన ఆంటీగారి మాట నా చెవికి ఎలా వినిపించిందంటే, ఇన్ని గంటలు కట్టు, అమ్మ కిడ్నీ రిలీజ్ చేస్తారు. పది రోజులే కట్టావు, అందుకే ఫైలు ఆగింది. మా ఆఫీసు భాషే. దేవుణ్ని మా సీటులో కూర్చోబెట్టకండి.

అన్నట్టు, డయాలసిస్ ఒక్కటి కూడా మానొద్దు. ‘విశ్వాసంలో విశ్రాంతి’ అని మందులు మాన్పించేవాళ్లు తయారవుతారు. వాళ్లను గుమ్మం దగ్గరే పంపించేయండి.

ఒంగోలు_బాప్టిస్టు

బ్రదర్, ఆ 2,222 మా పిల్లలకు కూడా కంఠతా వచ్చు. కూలికీ బాప్తిస్మానికీ మధ్య దొర గీత గీశాడన్నది మాత్రం ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు. కాసేపు ఫోన్ పక్కన పెట్టి కూర్చున్నాను.

అయినా ఒకటి. గుండ్లకమ్మలో దిగినవాళ్లు బయటికొచ్చి ఇళ్లకుపోయి పడుకోలేదు. బడులు కట్టుకున్నారు, పిల్లల్ని చదివించారు, ఊళ్లో తిట్లు తిన్నారు. నా శుక్రవారం కూడిక నేను మానను, మానమని ఎవరికీ చెప్పను. సిస్టర్, మీ మీద సున్నాలు మాత్రం వేయను.

మెదక్_రిటైర్డ్_టీచర్

మానమని ఎవరన్నారు ఇక్కడ?

నైట్‌డ్యూటీ_గుంటూరు

అందరి మాటలూ రెండు మూడుసార్లు చదివాను. బ్రేక్‌లో రాస్తున్నా.

డయాలసిస్ మానలేదు, మానను కూడా. నిన్న అమ్మను లోపలికి పంపి బయట కుర్చీలో కూర్చున్నాను. నాలుగు గంటలు పడుతుంది. ప్రార్థన చేశాను, ఎంతసేపో చూసుకోలేదు. మధ్యలో నిద్రపోయాను. లేచాక ఎక్కడ ఆపానో గుర్తురాక మళ్లీ అమ్మ పేరుతోనే మొదలుపెట్టాను. అదేమీ తప్పనిపించలేదు.

ఒంగోలు అన్న అడిగిన ప్రశ్నకు నా దగ్గరా జవాబు లేదు. లోపల ఏముందో నాకూ పూర్తిగా తెలియదు. ఒక తేడా మాత్రం తెలుస్తోంది. ఇంతకుముందు ప్రార్థన అయ్యాక ముందు గడియారం వైపు చూసేదాన్ని.

కళ్లు తెరిచేసరికి పక్క కుర్చీలో ఆంటీ ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలియదు. ఫ్లాస్కులో కాఫీ తెచ్చారు. ఉపవాసం సంగతి ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇద్దరం చెరో గ్లాసు తాగాం.

ఇంటికొచ్చాక అమ్మ క్యాలెండర్ చూసి “ఈ నెల ఒక్క ‘ప్రా’ కూడా లేదేంటే?” అంది. పాలవాడి లెక్క తప్పిపోతోందమ్మా, అందుకే రాయడం లేదు అన్నాను.