పునర్నవ అంటే గలిజేరా, అటికమామిడా?

నిన్నటి చర్చలో పునర్నవ అనే ఆయుర్వేద మూలికకి తెలుగు పేరు గలిజేరు అని ఒకరు, కాదు అటికమామిడి అని ఇంకొకరు రాశారు. రెండూ వాడుకలో ఉన్న పేర్లే గానీ మొక్కలు మాత్రం వేరు. పేరు తేడా పడితే మందే మారిపోతుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

పునః + నవా = పునర్నవా, అంటే మళ్లీ కొత్తదయ్యేది. అటికమామిడి వేరు లావుగా, లోతుగా దిగి ఉంటుంది. ఎండాకాలంలో పైన తీగంతా మాడిపోయినా వేరు బతికే ఉండి, తొలకరి పడగానే చిగురేస్తుంది. పాత మొక్కే కొత్తదవుతుంది కాబట్టి పేరు దీనికి అతికినట్టు సరిపోయింది. గలిజేరు అలా కాదు. ఎండితే అంతే, మళ్లీ వానలకు గింజ నుంచే మొలవాలి. దానికి నప్పే మాట 'వర్షాభూ', వానకు పుట్టేది. అమరకోశంలో కప్పకున్న పేర్లలోనూ ఇదొకటి: 'భేకే మండూకవర్షాభూ...' అని. అయితే వైద్య నిఘంటువుల్లో వర్షాభూ, పునర్నవ పర్యాయపదాలుగా కలిసిపోయాయి. గందరగోళం అక్కడే మొదలైందని నేననుకుంటున్నాను.

అదే అమరకోశం 'పునర్నవా తు శోథఘ్నీ' అంటుంది. శోథం అంటే వాపు. కాళ్ల వాపులకు, ఒంటికి నీరు పట్టడానికి ఆయుర్వేదంలో దీన్ని ప్రధానంగా వాడతారు. పునర్నవాష్టక కషాయంలో దీనితోపాటు కరక్కాయ, వేప, తిప్పతీగ, శొంఠి లాంటివి పడతాయి. మనిషి పాలిపోయే పాండురోగానికి ఇచ్చేది పునర్నవా మండూరం. మండూరం అంటే ఇనుప చిట్టెం.

ఇక గుర్తుపట్టడం. గలిజేరు ఆకు దళసరిగా, నీరు నిండినట్టు ఉంటుంది. పువ్వు కాడ లేకుండా ఆకు మొదట్లోనే పూస్తుంది. పప్పులో వేసుకునే ఆకుకూర ఇదే. అటికమామిడి ఆకు పల్చన, అడుగువైపు తెల్లబారి ఉంటుంది. సన్నటి పొడుగాటి కాడల చివర చిట్టి చిట్టి ముదురు గులాబీ పూలుంటాయి. కాయలకు జిగురు ఎక్కువ, గట్టు మీద నడిస్తే చీర అంచుకీ పంచెకీ అంటుకుని ఇంటిదాకా వస్తాయి. తెల్ల, ఎర్ర అనే విశేషణాలను మాత్రం నమ్ముకోవద్దు. ఎర్రగలిజేరు అని కొందరు అటికమామిడినే అంటారు, కొందరు ఎర్రకాడ ఉన్న గలిజేరుని అంటారు.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, కిడ్నీలు బాగుపడతాయని తెల్లగలిజేరు కషాయం తాగమనే వీడియోలు ఇప్పుడు ప్రతి ఫోన్లోనూ తిరుగుతున్నాయి. అవి చూస్తుంటే నాకు నిజంగా భయమేస్తోంది. గలిజేరులో ఆక్సలేట్లు ఎక్కువ, రాళ్ల సమస్య ఉన్నవాళ్లకి అది మంచిది కాదు. అటికమామిడిలో పొటాషియం లవణాలు ఎక్కువ. కిడ్నీ పనితీరు తగ్గినవాళ్ల ఒంట్లో పొటాషియం పేరుకుపోతే గుండెకే ప్రమాదం. 'శోథఘ్ని' అన్న మాట పట్టుకుని కిడ్నీ జబ్బంతా నయమవుతుందని అర్థం లాగడం ఆ మాటకీ అన్యాయమే. డాక్టరుని అడగకుండా దయచేసి ఎవరూ తాగొద్దు, పెద్దవాళ్లకు తాగించొద్దు.

మీ ఊళ్లో ఈ రెంటినీ ఏమంటారో రాయండి. పేరు ఒక్కటే రాస్తే మళ్లీ మొదటికొస్తాం, పువ్వు ఎక్కడ పూసిందో, కాయ బట్టకి అంటుకుందో లేదో కూడా చూసి చెప్పండి. ఫొటో పెడితే మరీ మంచిది.