కన్లీ కులా కోటకి పగలు వెళ్లాలా, రాత్రి ప్రదర్శనకి వెళ్లాలా?

ప్రశ్న:
జూలైలో అమ్మని తీసుకుని మాంటెనెగ్రో వెళ్తున్నాను. హెర్ట్సెగ్ నోవిలో సముద్రానికి ఎదురుగా ఉన్న పాత కోటని ఆరుబయలు రంగస్థలం చేశారని చదివిన దగ్గర్నుంచి మనసంతా అక్కడే ఉంది. ఆ ఊళ్లో మాకున్నది ఒక్క రోజే. పగలు వెళ్తే ఖాళీ మెట్లు తప్ప ఏమీ ఉండవా? పైగా అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఊరంతా మెట్లే అంటున్నారు, అదొక టెన్షన్.

జవాబు 1:
ఖాళీగా ఉన్నప్పుడే చూడండి. కన్లీ కులా అంటే టర్కీ భాషలో నెత్తుటి బురుజు, ఒట్టోమన్ల కాలంలో అది జైలు. అక్కడి ఖైదీలు గోడల మీద ఓడల బొమ్మలు గీక్కున్నారండీ. బయట అంత సముద్రం, లోపలున్న మనిషికి గోడ మీద ఒక ఓడ. నేను ఆ గోడ దగ్గర చాలాసేపు నిలబడిపోయాను, ప్రదర్శన హడావుడిలో అయితే అటు చూసేవాణ్ణే కాదు. 1966లో అక్కడ రంగస్థలం పెట్టారు, వెయ్యి మందికి పైగా కూర్చోవచ్చు.

జవాబు 2:
పగలు సరే, కానీ ఆ రోజు ప్రదర్శన ఉంటే వదులుకోకండి. భాష రాకపోతే సంగీత కార్యక్రమం చూసుకోండి. చీకటి పడేకొద్దీ వేదిక వెనక బోకా కోటోర్ అఖాతం నల్లబడిపోతుంది, ఒడ్డున దీపాలు మాత్రం మిగులుతాయి. రాతి మెట్ల మీదే కూర్చోవాలి కాబట్టి అమ్మగారికి ఒక దిండు తీసుకెళ్లండి. ఇంకోటి, కోట పాత ఊరికి పై అంచున ఉంది. కింద నుంచి ఎక్కించకండి, పైన మెయిన్ రోడ్డు దాకా టాక్సీలో వెళ్లి అక్కణ్ణుంచి మెల్లగా దిగండి.

జవాబు 3:
నీళ్లని ఆనుకుని ఉండే ఫోర్టే మారే వేరే కోట, రెండూ కలిపేసుకోకండి. 1979 భూకంపంలో ఒడ్డున ఉన్న ఇంకో కోట, సిటాడెల్, సముద్రంలోకి కూలిపోయింది. అది తెలిశాక మిగిలిన గోడల్ని చూస్తుంటే గుండె బరువెక్కుతుంది. పక్క దేశం క్రొయేషియాలోని డుబ్రోవ్‌నిక్ మీదుగా వస్తున్నారా? క్రొయేషియా 2023 నుంచి షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో ఉంది, మాంటెనెగ్రో లేదు. తిరిగి డుబ్రోవ్‌నిక్ వెళ్లాలంటే మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉండాలి, ఇప్పుడే చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
వీసా సంగతి అసలు తట్టలేదు, చాలా థాంక్సండీ. పొద్దున్నే ఎండ ముదరకముందు టాక్సీలో పైకి వెళ్లి ముందు ఆ ఓడలు చూస్తాం, రాత్రికి టికెట్ దొరికితే మళ్లీ వస్తాం.