అప్‌డేట్: ‘రన్’ అనే క్రియకున్న అర్థాల చిక్కు తీరింది

‘రన్’ అనే ఇంగ్లీషు క్రియకు ఇన్ని అర్థాలుంటే సరైనదాన్ని పోల్చుకోవడమెలాగని ఇంతకుముందు అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. క్రియ తర్వాత ఏముందో చూడమన్న సలహాయే పనిచేసింది. మా ఉపాధ్యాయురాలూ దాన్నే బలపరిచారు. ‘షీ రన్స్ ఎ కంపెనీ’లో కర్మ ఉంది కనుక నడపడమనీ, ‘ది ఇంజిన్ ఈజ్ రన్నింగ్’లో అది లేదు కనుక నడవడమనీ, ‘వియ్ రాన్ అవుట్ ఆఫ్ పేపర్’లో వెంట వచ్చిన మాటల వల్ల నిండుకోవడమనీ అర్థం తేలుతుంది. తెలుగులో నడుచు, నడుపు అని విడివిడిగా ఉన్న పనులను ఇంగ్లీషు ఒకే క్రియతో నెరవేర్చుకుంటుందని గ్రహించాక ఎంతో తేలికైంది. ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువు 2011 నాటి సవరణలో ఈ క్రియకిచ్చిన 600కు పైగా అర్థాలను కంఠస్థం చేయనవసరం లేదు.