క్షేత్రగణితం, రేఖాగణితం: రెండూ ఒకటేనా?

"క్షేత్రగణితం, రేఖాగణితం, జ్యామితి మూడూ జామెట్రీకి పేర్లే కదా, ఏది వాడితే ఏం?" అని పైన ఒకరు రాశారు. నేను ఒప్పుకోనండి. ఇప్పటి వాడుకలో కలిసిపోయాయి గానీ అవి వచ్చిన దారులు వేరు, చేసిన పనులూ వేరు.

క్షేత్రం అంటే చేను. నాలుగు గట్ల మధ్య నేల ఎంతో తేల్చే లెక్క క్షేత్రగణితం. మన డెల్టాలో దీని అవసరం పడని ఇల్లు లేదు. మా కోనసీమ వైపు పెద్దవాళ్లు చేసే లెక్క ఒకటుంది. ఎదురెదురు గట్లు కలిపి సగం చేస్తారు, మిగతా రెండింటినీ అలాగే సగం చేస్తారు, ఆ రెండు సగాలనూ హెచ్చవేస్తారు. ఈ లెక్క మన ఊళ్లలో పుట్టింది కాదు. 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుట సిద్ధాంతంలో చెప్పాడు. దానికి స్థూలఫలం అని పేరు కూడా పెట్టాడు. స్థూలం అంటే ఉజ్జాయింపు, ఫలం అంటే వైశాల్యం. కచ్చితంగా తేల్చింది సూక్ష్మఫలం.

ఈ రెండింటికీ తేడా ఎంత ఉంటుందో చూడండి. కాలువ వంపు తిరిగిన చోట ఒక పక్కకి ఒరిగినట్టుండే చేను అనుకుందాం. ఎదురెదురు గట్లలో ఒక జత ఒక్కోటి 52 మీటర్లు, రెండో జత ఒక్కోటి 56 మీటర్లు. పెద్దల లెక్కన 2,912 చదరపు మీటర్లు. సెంటంటే 40.47 చదరపు మీటర్లు కాబట్టి దాదాపు 72 సెంట్లు. ఇప్పుడు టేపు ఒక మూల నుంచి ఎదురు మూలకి పట్టండి. 60 మీటర్లు వచ్చిందనుకుందాం. అదే కర్ణం. మిగిలిన రెండు మూలల నుంచి దాని మీదికి నిటారుగా కొలిస్తే ఒక్కోటి 44.8 మీటర్లు వస్తుంది. అవి లంబాలు. లంబాలు రెండూ కలిపి, కర్ణంతో హెచ్చవేసి, సగం చేస్తే 2,688. అంటే 66 సెంట్ల పైచిలుకు. ఐదున్నర సెంట్లు లేని నేలకి డబ్బు కట్టినట్టే! కొనేముందు కర్ణం కొలిపించమని ఎవరికైనా చెబుతాను.

నాలుగు గట్లూ తెలిసినంత మాత్రాన చేను ఎంతో తెలియదు. అవే కొలతలతో చేను ఎంత ఒరిగితే లోపలి నేల అంత తగ్గుతుంది. అందుకే భాస్కరాచార్యుడు లీలావతిలో (1150) కర్ణమో లంబమో చెప్పకుండా నాలుగు భుజాల క్షేత్రానికి ఫలం అడిగేవాడు పిశాచం అన్నాడు. జవాబు చెప్పేవాడు అంతకన్నా పెద్ద పిశాచమట. గణితగ్రంథంలో ఇంత కోపం నాకు చాలా ఇష్టం.

ఈ లెక్కలు తెలుగులోకి వచ్చిందీ మన చుట్టుపక్కలే. 9వ శతాబ్దపు మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. రాజమహేంద్రవరం ఏలిన రాజరాజ నరేంద్రుడు పిఠాపురం దగ్గరి నవఖండవాడను మల్లన వంశానికి అగ్రహారంగా ఇచ్చాడని చెబుతారు. మహావీరుడి సంస్కృత మూలంలో ఒక ప్రకరణం పేరే క్షేత్రగణిత వ్యవహారం. అందులోనూ వ్యవహారానికి సరిపోయే ఫలం వేరు, సూక్ష్మఫలం వేరు.

రేఖాగణితం అనే మాట ప్రచారంలోకి వచ్చింది ఇంకో దారిలో. గ్రీకు గణితవేత్త యూక్లిడ్ గ్రంథానికి పర్షియా పండితుడు నసీరుద్దీన్ తూసీ అరబ్బీలో చేసిన పాఠాన్ని 18వ శతాబ్దం తొలినాళ్లలో జైపూర్ రాజు సవాయి జయసింహుడి ఆస్థానంలో ఉన్న జగన్నాథ సామ్రాట్ సంస్కృతంలోకి తెచ్చాడు. దానికి ఆయన పెట్టిన పేరు రేఖాగణితం. అందులో చేనూ లేదు, సెంట్లూ లేవు. బిందువు, రేఖ, నిరూపణ. ఇలాగే ఎందుకు అవుతుందో ఒక్కో మెట్టూ చూపించడమే దాని పని. మనవాళ్లకి నిరూపణ తెలియదని కాదు. వ్యాఖ్యానాల్లో ఉపపత్తి అనే పేరుతో ఉండేది.

ఇక జ్యామితి. జ్యా అంటే అల్లెతాడు, భూమి అనే అర్థం కూడా ఉంది. మితి అంటే కొలత. అర్థంలోనే కాదు, పలకడంలోనూ జామెట్రీ అనే గ్రీకు మాటకి దగ్గరగా కుదిరింది. బడి పుస్తకాల్లో వైశాల్యాలు, ఘనపరిమాణాల పాఠానికి క్షేత్రమితి అనే పేరుంది. పాత క్షేత్రగణితం మిగిలింది ఆ పాఠంలోనే. నిఘంటువులో రాసేవాళ్లు నిరూపణల శాఖకి రేఖాగణితం, కొలతల శాఖకి క్షేత్రగణితం లేదా క్షేత్రమితి అని విడివిడిగా ఇస్తే బాగుంటుంది.

కామెంట్లలో అడిగిన అన్నయ్యగారికి: ఊరి కర్ణంగారికి ఆ పేరు పొలంలో కర్ణం కొలవడం వల్ల రాలేదండి. ఆయన కరణం. లెక్కలు, దస్తావేజులు రాసే ఉద్యోగి అని అర్థం. నోటి వాడుకలో కర్ణం అయింది. 1984లో ఆ పదవి రద్దయినా పిలుపు కొన్ని ఇళ్లకి ఇంటిపేరులా ఉండిపోయింది. లెక్కల్లో కర్ణం మాత్రం చెవి అనే అర్థమున్న సంస్కృత పదమే.