డిసెంబరులో పోస్టింగ్: పాప ఎనిమిదో తరగతి, బాబు నాలుగో తరగతి. బడి ఇప్పుడే మార్చాలా?

కంటోన్మెంట్_అమ్మ:
పఠాన్‌కోట్ నుంచి సికింద్రాబాద్‌కు సైనిక బదిలీ ఆర్డర్ వచ్చింది. పిల్లలిద్దరూ కేవీలో (కేంద్రీయ విద్యాలయం) చదువుతున్నారు. పాపకు ఇది ఐదో బడి అవుతుంది. ఇప్పుడే తీసుకెళ్లాలా, మార్చి పరీక్షలయ్యాకా? ప్రైవేటు బడి కూడా ఆలోచిస్తున్నాం.

బల్ల_బలపం:
పరీక్షలయ్యాకేనమ్మా. సీబీఎస్ఈ బోర్డు రిజిస్ట్రేషన్ తొమ్మిదిలోనే జరుగుతుంది. పదిలో నేరుగా చేరాలంటే బదిలీ లాంటి కారణం చూపించి బోర్డు అనుమతి తెచ్చుకోవాలి. అందుకే తొమ్మిది, పది ఒకే బడిలో గడిచేలా చూడండి. పిల్లల చదువు కారణంగా పఠాన్‌కోట్‌లో క్వార్టర్ అట్టిపెట్టుకోవడానికి స్టేషన్ హెడ్‌క్వార్టర్స్‌లో (అక్కడి సైనిక కార్యాలయం) ఇప్పుడే అర్జీ పెట్టండి, బడి ఇచ్చే బోనఫైడ్ జతచేయండి. సికింద్రాబాద్ వైపు పికెట్, బొల్లారం, తిరుమలగిరి, బోయిన్‌పల్లి అన్నిచోట్లా కేవీలున్నాయి. కేవీ టీసీ, పోస్టింగ్ ఆర్డర్ నకలు చేతిలో ఉంచుకోండి.

రికార్డు_గది:
టీసీ ఒక్కటే చాలదు. పాత బడివాళ్లు యూడైస్ ప్లస్‌లో (దేశవ్యాప్త విద్యార్థుల ఆన్‌లైన్ రికార్డు) పిల్లల్ని డ్రాప్‌బాక్స్‌లోకి, అంటే బడి వదిలినవాళ్ల జాబితాలోకి, వదిలితేనే కొత్త బడి తన జాబితాలోకి తీసుకోగలదు. ఊరు వదిలాక ఫోన్ల మీద ఇది తేలదు, వచ్చేముందే చేయించండి. అందులో ఒక్కో పిల్లకు ఇచ్చే 11 అంకెల పెన్ (పర్మనెంట్ ఎడ్యుకేషన్ నంబర్) రాసి పెట్టుకోండి. మన పిల్లలకు ఉత్తరాది బళ్లలో ఇంకో చిక్కు: ఇంటిపేరు ఒక కాగితంలో ముందు పొడి అక్షరం, ఇంకోదాంట్లో చివర పూర్తిపేరు. ఆధార్, జనన ధ్రువపత్రం, టీసీ మూడూ కలిసేలా పాప తొమ్మిది రిజిస్ట్రేషన్‌కు ముందే సరిచేయించండి.

గుణింతం:
ప్రైవేటు అంటే తెలుగు సంగతి ముందు అడగండి. 2018 చట్టంతో తెలంగాణలో సీబీఎస్ఈ బళ్లలోనూ తెలుగు తప్పనిసరి. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల ఒత్తులు, గుణింతాలు రాయలేక తొమ్మిదో తరగతి పాఠం ముందు బిక్కచచ్చిపోతుంది. మినహాయింపు ఉందో లేదో ఫీజు కట్టకముందే తేల్చుకోండి. పాప చదువుకు కేవీయే మేలని నా మాట.

బాబుకు భాగహారం చూడండి. బడి మారినప్పుడు అక్కడ ఇంకా మొదలెట్టని పాఠం ఇక్కడ అయిపోయి ఉంటుంది. ఆ ఖాళీ ఐదులో భిన్నాల దగ్గర బయటపడుతుంది, అప్పుడు పిల్లాడికి లెక్కలు రావంటారు. పాత నోటుపుస్తకాలు పారేయకండి, కొత్త క్లాస్ టీచర్‌కు చూపించి ఏ పాఠం తప్పిపోయిందో గుర్తు పెట్టించండి.

పాప మొదటి నెల కుదురుగా, మౌనంగా ఉంటే అలవాటు పడిందనుకోవద్దు. అయిదో బడికి వచ్చేసరికి కొందరు పిల్లలు స్నేహం చేయడమే మానేస్తారు, ఎలాగూ వదిలి వెళ్లాలి కదా అని. మధ్యాహ్నం ఎవరి పక్కన కూర్చుని తిన్నావని రోజూ అడగండి. మూడు వారాలైనా ఒక్క పేరూ రాకపోతే కౌన్సెలర్‌ను కలవండి.