బిడ్డతో ఆడే ఆటలో పెద్దవారు కావాలని ఓడిపోవచ్చా?

చర్చ ప్రారంభం: అడయారు తండ్రి

మా అమ్మాయికి ఏడేళ్ళు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక ఇద్దరం కూర్చుని ఏదో ఒక ఆట ఆడుకోవాలన్నది మా ఇంట్లో పెట్టుకున్న నియమం. 2024 డిసెంబరులో మన చెన్నై కుర్రవాడు గుకేశ్ పద్దెనిమిదేళ్ళకే ప్రపంచ చదరంగ విజేత అయ్యాక మా అపార్ట్‌మెంట్‌లో పిల్లలందరికీ చదరంగంపై మోజు కలిగింది, మేమూ అదే ఎంచుకున్నాం. నేను శ్రద్ధగా ఆడితే ఆట పది నిమిషాల్లో ముగిసిపోతోంది, ఆమె ఏడుస్తూ లేచిపోతోంది. అందుకని ఈ మధ్య నా మంత్రిని కావాలని ఎదురుగా పెట్టి ఓడిపోతున్నాను. బిడ్డకు అబద్ధపు గెలుపు అలవాటు చేస్తున్నానని మా ఆవిడ అభ్యంతరం. ఈ పోరంతా ఎందుకు, హాయిగా వైకుంఠపాళి ఆడుకోండి అని మా అత్తగారి సలహా. గెలిపించడం నిజంగా తప్పేనా? తప్పయితే తండ్రీబిడ్డలకు ఏ ఆట తగినది?

కోడంబాక్కం తాతయ్య

ఇందులో తప్పేముందండీ? అంతటా గెలుపునే కోరుకో, కొడుకు చేతిలో మాత్రం ఓటమినే కోరుకో అని మన పెద్దలు ఊరికే అనలేదు. పసివాళ్ళకు ఆట మీద ప్రీతి పుట్టాలంటే ముందు గెలుపు రుచి తెలియాలి, ఆ రుచి చూపించే బాధ్యత ఇంట్లోవారిదే. బయట బడిలో, మైదానంలో, పోటీల్లో వాళ్ళను ఓడించడానికి చాలామంది ఉంటారు. మీ అత్తగారి మాట కూడా కొట్టివేయదగినది కాదు. వైకుంఠపాళిలో పెద్దపాము నోట పడటానికి తాతకూ మనవడికీ సమానమైన అవకాశం ఉంది, అక్కడ ఎవరూ ఎవరినీ గెలిపించనక్కరలేదు. ముక్కోటి ఏకాదశి రాత్రి జాగారానికి ఈ ఊళ్ళో ఇంటిల్లిపాదీ ఆడే ఆట అది.

పెరంబూరు ఉపాధ్యాయిని

ముందు ఒక తేడా గమనించాలి. బిడ్డను గెలిపించడం వేరు, బిడ్డ గెలవగలిగేలా ఆటను సరిచేయడం వేరు. మొదటిది బిడ్డకు తెలియకుండా చేసేది, రెండోది బిడ్డతో చెప్పి చేసేది. నా అభ్యంతరమంతా మొదటిదాని మీదే. నాన్న మంత్రిని ఉత్తపుణ్యానికి వదిలేశాడని పసిగట్టడానికి ఏడేళ్ళ పిల్లలకు ఎక్కువ కాలం పట్టదు, ఒకసారి పసిగట్టాక తాము నిజంగా కష్టపడి గెలిచిన ఆటను కూడా వారు నమ్మలేరు. తరగతిలో ఈ సంగతి నాకు స్పష్టంగా కనిపిస్తుంది: పొగడ్త ఉచితంగా దొరికిన పిల్లలు తమ పనిని తామే అనుమానిస్తారు.

తాతయ్యగారు చెప్పిన సూక్తిని నేనూ గౌరవిస్తాను. అయితే అది కొడుకు తండ్రిని నిజంగా మించిపోయే రోజును తండ్రి సంతోషంగా కోరుకోవాలని చెబుతోంది. నటించిన ఓటమి ఆ రోజును దగ్గర చేయదు.

కనుక ఆట మొదలవకముందే మంత్రిని తీసి పక్కన పెట్టి, "నాకు మంత్రి లేదు, నీకుంది, ఇక నేను ఒక్క ఎత్తు కూడా వదలను" అని చెప్పి ఆడండి. ఆమె తరచుగా గెలవడం మొదలుపెట్టాక మంత్రికి బదులు ఏనుగును, ఆపైన గుర్రాన్ని, చివరకు ఒక్క బంటును మాత్రమే తీసేయండి. ఇది పిల్లల కోసం నేను కల్పించిన ఏర్పాటు కాదు. పందొమ్మిదో శతాబ్దంలో యూరప్ కాఫీ హౌసుల్లో బలమైన ఆటగాళ్ళు బలహీనులతో ఇలా తమ పావు ఒకటి తగ్గించుకునే ఆడేవారు. చైనాలో పుట్టి జపాన్, కొరియాలలో విస్తరించిన 'గో' ఆటలోనైతే, బలహీనుడు ముందుగానే రెండు నుంచి తొమ్మిది రాళ్ళు పలక మీద పెట్టుకోవడం సంప్రదాయమే. పెద్దలు పెద్దలతో ఆడేటప్పుడు కూడా దాన్ని ఎవరూ చిన్నతనంగా భావించరు. క్యారమ్‌లో తండ్రి ప్రతి కాయిన్‌నూ బోర్డు గోడకు తగిలించే కొట్టాలని నియమం పెట్టుకోవచ్చు.

ఆట ఎంపిక గురించి అడిగారు కనుక చెబుతున్నాను. చదరంగంలో అదృష్టానికి చోటు లేదు, అందువల్ల బలంలోని తేడా మొత్తం ఫలితంలో బయటపడుతుంది. వైకుంఠపాళిలో అదృష్టం తప్ప మరొకటి లేదు. పందెం ఎంత పడితే అంత నడవాలి, ఆలోచించవలసిన సందర్భం ఒక్కటీ రాదు, కాబట్టి రెండు వారాలు గడిచేసరికి పెద్దవారికి విసుగు వస్తుంది, ఆ విసుగు పిల్లలకు తెలిసిపోతుంది. ఈ రెంటికీ నడుమ ఉన్నది మన అష్టాచెమ్మా. నాలుగు గవ్వల్లో ఎన్ని వెల్లకిలా పడతాయన్నది ఎవరి చేతుల్లోనూ లేదు, కానీ పడిన పందాన్ని ఏ కాయకు వాడాలి, ఎదుటి కాయను చంపాలా, గుర్తు గీసిన గడిలో తలదాచుకోవాలా అన్న నిర్ణయం మాత్రం ఆడేవారిదే. ఇందులో ఏడేళ్ళ బిడ్డ తండ్రి కాయను నిజాయితీగా చంపగలదు, తండ్రి నిజంగానే ఉలిక్కిపడతాడు. ఆ ఉలికిపాటును నటించలేము.

పులిజూదం కూడా ఈ కారణంగానే నాకు ఇష్టం. మూడు పులులు, పదిహేను మేకలు. ఇద్దరి బలాలూ సమానం కావు, ఇద్దరి లక్ష్యాలూ ఒకటి కావు. పులికి ఒక్క సందు దొరికితే చాలు, మేకలు నడిపేవారికి మాత్రం చివరిదాకా ఓపిక ఉండాలి. చిన్నవారికి ముందు పులులనిచ్చి, కొన్నాళ్ళకు పక్షాలు మార్చుకోండి. దీనికి ముగ్గుపిండి, పదిహేను చింతగింజలు, మూడు గులకరాళ్ళు చాలు. తమిళులు దీన్నే ఆడుపులియాట్టం అంటారు, కనుక పక్కింటి పిల్లలకూ ఇది కొత్త కాదు.

వేళచ్చేరి తల్లి

గవ్వలూ చింతగింజలూ బాగానే ఉన్నాయి కానీ మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు, వాడి మనసంతా వీడియో గేముల మీదే. ఆ మనసున్న చోటికి తల్లిదండ్రులే ఎందుకు వెళ్ళకూడదు? అసలు ఒకరినొకరు ఓడించవలసిన అవసరమేమిటి? 2017లో వచ్చిన 'సూపర్ మారియో ఒడిస్సీ'లో ఒకరు మారియోను నడిపిస్తే మరొకరు అతని టోపీని నడిపిస్తారు. నేను టోపీని, వాడు మారియో. దారి చూపేది వాడే, వెనకాల పరుగెత్తేది నేను. ఇంట్లో రోజంతా వాడికి "ఇది చెయ్యి, అది చెయ్యకు" అని చెప్పే నేను ఆ కాసేపు వాడి మాట వింటాను, మా ఇద్దరికీ దాని విలువ చాలా ఎక్కువ. ఉపాధ్యాయినిగారు చెప్పిన సవరణలు యంత్రంలోనే ఉన్నాయి కూడా: 'మారియో కార్ట్ 8 డీలక్స్'లో పిల్లల బండి రోడ్డు దాటిపోకుండా కాపాడే సదుపాయాన్ని ఒక్కరికే పెట్టుకోవచ్చు, దాంతో అయిదేళ్ళ పిల్లలు కూడా పెద్దలతో కలిసి పరుగు పందెంలో నిలబడగలరు.

పెరంబూరు ఉపాధ్యాయిని

వేళచ్చేరి తల్లిగారూ, బిడ్డ ముందు నడిచే ఆట కావాలన్న మీ మాటను పూర్తిగా ఒప్పుకుంటున్నాను, తెర మీద ఆడితే దాని విలువ తగ్గదు. అయితే కలిసి గెలిచే ఆటలన్నీ అలా ఉండవు. 2008లో వచ్చిన 'పాండమిక్' వంటి బల్ల ఆటల్లో అందరి ముక్కలూ అందరికీ తెలుస్తాయి కనుక, అనుభవమున్న పెద్దవారు "నువ్వు అక్కడికి వెళ్ళు, ఆ కార్డు వెయ్యి" అని చెబుతూ పోతారు, బిడ్డ చేయి మాత్రమే కదుపుతుంది. గెలిచినా ఆ గెలుపు బిడ్డది కాదు. దీనికి మంచి విరుగుడు 'హనాబీ' అనే కార్డుల ఆటలో ఉంది. మన చేతిలోని ముక్కలు మనకు కనబడకుండా ఎదుటివారివైపు తిప్పి పట్టుకోవాలి, రంగు గురించో అంకె గురించో ఎదుటివారు ఇచ్చే సూచన మీదే ఆధారపడాలి. తండ్రికి తెలియనిది అక్కడ బిడ్డకు తెలుసు. మీ అబ్బాయి వయసుకు అది సరిపోతుంది.

అడయారు తండ్రి

మంత్రిని తీసేసి ఆడి చూస్తాను. కానీ ఒక సందేహం మిగిలింది. ఎన్ని పావులు తగ్గించుకున్నా చదరంగంలో నేను ఎదుటి పక్షమే కదా? అమ్మాయికి చదరంగమంటే ఇష్టం పోలేదు, నా చేతిలో ఓడటమే ఇష్టం లేదు. అప్పుడు చదరంగాన్ని పూర్తిగా శిక్షకునికి వదిలేసి, ఇంట్లో అష్టాచెమ్మా మాత్రమే ఉంచుకోవాలా?

పెరంబూరు ఉపాధ్యాయిని

వదలనక్కరలేదు. మన ఊరి చదరంగ ఆటగాడు విశ్వనాథన్ ఆనంద్ ఉదాహరణే చూడండి. ఆరేళ్ళ వయసులో ఆయనకు చదరంగం నేర్పింది తల్లి సుశీలగారు. సమ ఉజ్జీలతో ఆడటానికి ఆమె కొడుకును ఇక్కడి సోవియట్ సాంస్కృతిక కేంద్రంలోని తాల్ చెస్ క్లబ్బుకు పంపారు. తండ్రి ఉద్యోగరీత్యా కుటుంబం మనీలాలో ఉన్న రోజుల్లో, అక్కడి టీవీలో పగటిపూట ఒక చదరంగ కార్యక్రమం వచ్చేది. కొడుకు బడిలో ఉండే వేళ కనుక అందులో ఇచ్చే చిక్కుప్రశ్నలను ఆమె రాసిపెట్టేవారు, సాయంత్రం అతను వచ్చాక ఇద్దరూ కలిసి సాధించి జవాబు పంపేవారు. ఆ బహుమతులు ఎన్నోసార్లు అతనికే రావడంతో, ఉన్న పుస్తకాలన్నీ తీసుకుని ఇక జవాబులు పంపవద్దని నిర్వాహకులే చెప్పారట. 1988లో దేశానికి మొదటి గ్రాండ్‌మాస్టర్ అయినది ఆ అబ్బాయే.

ఇందులో నాకు ముఖ్యంగా కనిపించేది ఆ తల్లీకొడుకులు బల్లకు ఒకే వైపున కూర్చోవడం. ఎదురుగా ఉన్నది చిక్కుప్రశ్న, మరో మనిషి కాదు. మీరు కూడా రెండెత్తుల్లో రాజును కట్టే ప్రశ్నలను పలక మీద పేర్చి, ముందు ఆమె ఆలోచనను పూర్తిగా చెప్పనిచ్చి, ఆ తరువాతే మీ ఆలోచన చెప్పండి. జవాబు మీకు ముందే తెలిసిన ప్రశ్నలు మాత్రం తీసుకోవద్దు. మీకూ కష్టమనిపించేవి ఎంచుకోండి.

కోడంబాక్కం తాతయ్య

అష్టాచెమ్మా విషయంలో మీ మాటే సరి, వైకుంఠపాళి కన్నా దాన్నే ముందు పెట్టాలి. ఒక్క విషయంలో మాత్రం నా పట్టు విడవను. పావు ఎటు నడుస్తుందో కూడా ఇంకా పట్టుబడని మూడు నాలుగేళ్ళ పిల్లలకు ఈ తగ్గింపులూ నియమాలూ అర్థం కావు. వారికి ఆటంటే గవ్వలు గలగలలాడించి విసరడమే. ఆ వయసు వారితో కూర్చున్నప్పుడు ఎవరి కాయ ముందు పండిందో నేను లెక్కపెట్టను, వారు గెలిచామంటే గెలిచారనే అంటాను. ఏడేళ్ళ అమ్మాయికి మాత్రం ఉపాధ్యాయినిగారి పద్ధతే పాటించండి.