కాస్ వనభోజనం: వంట ఎక్కడ?

కార్యదర్శి (మంగళవారం ఉదయం):
శనివారం వెస్ట్ వర్జీనియాలోని కాస్‌లో జరపదలచిన కార్తీక వనభోజనానికి మనం మాట్లాడుకున్న హాలు వారు, లోపల గానీ ఆవరణలో గానీ గ్యాసు పొయ్యిలు వెలిగించరాదని రాత్రి ఉత్తరం రాశారు. పనుల జాబితాలో ఎవరూ ఒప్పుకోని అంశాలు ఇంకా ఆరు ఉన్నాయి గానీ, ముందు ఈ సంగతి తేలాలి.

వంట:
ఇక్కడ వండి నాలుగు గంటలకు పైగా కొండదారుల్లో మోసుకుపోతే 120 మందికీ పెట్టేది చద్దన్నమే అవుతుంది. ఈ మాట హాలు కుదుర్చుకున్ననాడే అడగవలసింది.

రవాణా:
ఆరుబయట వండుదామంటే, అక్కడ అక్టోబరు 1 నుంచి డిసెంబరు 31 వరకు ఉదయం 7 నుంచి సాయంత్రం 5 దాకా మంటలు నిషేధం. వంటకు వేసే చిన్న మంటకు మినహాయింపు ఉన్నమాట నిజమే గానీ, మన గాడిపొయ్యిని చిన్న మంట అని ఏ అటవీ అధికారి ఒప్పుకుంటారు?

కోశాధికారి:
కాస్‌లో ఎక్కబోయే యాత్రికుల రైలు టికెట్లకు సొమ్ము కట్టేశాం కనుక మరో హాలుకు డబ్బు లేదు. ఒక కూర తగ్గిస్తే నష్టమేమీ లేదు.

వంట:
డబ్బు చాలనప్పుడల్లా కోత మా గరిటె మీదనే పడుతోంది. అలాగైతే ఈసారి వంట కూడా మీరే చూసుకోండి.

సలహాదారు:
అమ్మా, కాస్త ఆగండి. పెద్దవాళ్లం ముందురోజే దిగబోయే మూడు ఇళ్లూ 1901లో ఆ ఊరు వెలిసినప్పుడు వచ్చిన కాగితం కంపెనీ మిల్లు పనివాళ్ల కోసం కట్టించినవే. 1960లో మిల్లు మూతపడింది, అప్పట్లో కలప మోసిన రైలుమార్గంలోనే 1963 నుంచి యాత్రికులు తిరుగుతున్నారు. ఆ ఇళ్లలో వంటగదులు ఉన్నాయి. అన్నం, పప్పు తెల్లవారుజామున మేమే వండిస్తాం.

కార్యదర్శి:
అడిగి చూశాను. ఇంట్లోని పొయ్యిల మీద వండుకోవచ్చు గానీ, వాకిట్లో జనం గుమిగూడరాదన్నారు. అందువల్ల పొట్లాలు కట్టుకుని రైలెక్కి, విటేకర్ స్టేషను దగ్గర ఆగినప్పుడు భోంచేద్దాం. అక్కడ ఆగేది కొద్దిసేపే కనుక పంక్తి భోజనం, అంతాక్షరి రెండూ మానుకోక తప్పదు. నిజానికి అడవి మధ్య కూర్చుని తినేది ఇప్పుడే.

రవాణా:
అయితే సాంబారు వద్దు. ఆ గేరు ఇంజను 11 శాతం దాకా వాలున్న దారి ఎక్కుతుంది, నడుమ రెండుచోట్ల దిశ మార్చుకుని నడుస్తుంది. ఒళ్లో గిన్నె నిలవదు. పక్కనే ఉన్న గ్రీన్ బ్యాంక్ రేడియో టెలిస్కోపుకు అంతరాయం కలగకూడదని అక్కడ రేడియో సంకేతాలకు ఆంక్షలున్నందువల్ల సెల్‌ఫోన్లు పనిచేయవు కాబట్టి, ఎవరు ఏ పెట్టెలో ఎక్కాలో కాగితం మీద రాసి ఇస్తాను.

కోశాధికారి:
కూర తగ్గించమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. హాలు వారి నుంచి బయానా తిరిగి వస్తే విస్తళ్ల ఖర్చు అందులోంచే ఇస్తాను.

వంట:
సరే. పులిహోర, దద్దోజనం మా ఇంట్లోనే కలుపుతాను. పెద్ద రైస్ కుక్కర్లు ఆరు కావాలి, ఒక్కో ఇంటికి రెండేసి. ఇవ్వగలవారు ఈ రాత్రికే చెప్పండి. ఉసిరికాయలు కూడా ఎవరైనా తేవాలి, దుకాణంలో గడ్డకట్టినవే దొరికినా పరవాలేదు.